ఇంగ్లండ్‌లో ఉమ్మడి కుటుంబాలు విరగడమేంటి, అసలు ఉంటేగా?

ఎమ్మే_ప్రైవేటు
దూరవిద్యలో ఎమ్మే హిస్టరీ చదువుతున్నా. మా గైడులో ఒక లైను ఉంది: పారిశ్రామిక విప్లవం దెబ్బకి ఇంగ్లండ్‌లో ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమై చిన్న కుటుంబాలు వచ్చాయని. డిగ్రీలోనూ ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నా. ఇప్పుడు పీటర్ లాస్లెట్ అనే ఇంగ్లిష్ చరిత్రకారుడి లెక్కలు చూస్తే మతి పోయింది. 1574 నుంచి 1821 దాకా వంద ఊళ్ళ జనాభా జాబితాలు తిరగేసి ఇంటికి సగటు 4.75 మంది అని తేల్చాడు. ఇంట్లో ఉండే పనివాళ్ళని కూడా కలుపుకుని. 1600ల్లో ఆడపిల్లకి మొదటి పెళ్ళి సగటున 26కి, మగాడికి 27, 28కి అట. మా నాయనమ్మకి పదకొండుకే చేసేశారు!
మరి ఫ్యాక్టరీలు రాకముందే వేరు కాపురాలుంటే ఇన్నాళ్ళూ మాకు చెప్పిందేంటి? పెళ్ళి కాకుండా 26 దాకా ఏం చేసేవాళ్ళు? ముసలాళ్ళని ఎవరు చూసేవాళ్ళు? తెలిసినవాళ్ళు చెప్పండి. పరీక్ష జూన్‌లో.

లంకపొగాకు
26 దాకా ఏం చేసేవాళ్ళేంటి? మనలాగే. ప్రిపేర్ అయ్యేవాళ్ళు.

కోల్చెస్టర్_కోడలు
ఎమ్మే గారూ, గైడు రాసినాయన తప్పే. ఆ మాట నలభై యాభై ఏళ్ళ కిందటే పోయింది, మన గైడుల్లో మాత్రం ఇంకా పోలేదు. నేను ఎసెక్స్‌లో ఉంటా, ఇక్కడ పాత రికార్డులు చదివే వాలంటీర్ల బృందంలో కూర్చుంటా, అందుకని కాస్త తెలుసు.
పెళ్ళంటే అక్కడ వేరు కాపురమే. వేరు కాపురానికి గది, మంచం, గుండిగ, నాలుగు పళ్ళేలు, బతకడానికో చేతిపనో కౌలు చెక్కో ఉండాలి. అవి కూడేదాకా పెళ్ళి మాటే ఎత్తరు. కూడబెట్టేది ఎలాగంటే, పద్నాలుగు పదిహేనేళ్ళు వచ్చేసరికి పిల్లాడూ పిల్లా కూడా ఇంకొకరింట్లో పనికి కుదురుకోవడమే. 15-24 ఏళ్ళ మధ్య వాళ్ళల్లో సగానికి పైగా ఇలా పరాయి కప్పు కింద ఉన్నవాళ్ళే. ఏడాది ఒప్పందం. తిండీ పడకా యజమాని ఇంట్లో, జీతం ఏడాది చివర్లో. దక్షిణాన సెప్టెంబరు 29న మైకేల్మస్ పండక్కి, ఉత్తరాన నవంబరులో మార్టిన్మస్ పండక్కి సంతలో నిలబడి కుదుర్చుకునేవాళ్ళు. మన పాలేరుతనం లాంటిదే గానీ, సొంత పొలం ఉన్న రైతు కొడుకు కూడా వెళ్ళేవాడు. అదొక వయసు, పెళ్ళితో తీరిపోతుంది.
మాకు దగ్గర్లో ఎర్ల్స్ కోన్ అని ఊరుంది. అక్కడి పాదిరీ రాల్ఫ్ జోస్లిన్ 1640ల నుంచి 1683లో పోయేదాకా డైరీ రాశాడు. కలిగినవాడే, పొలాలున్నాయి. అయినా పిల్లలు పదీ పదిహేనేళ్ళ ప్రాయంలో ఒక్కొక్కరే చదువుకో, అప్రెంటిస్‌గానో, పనికో ఇల్లు దాటారు. ప్రేమ లేక పంపాడనుకోకండి. 1650లో ఎనిమిదేళ్ళ మేరీ పోయినప్పుడు రాసుకున్నది చదివితే గొంతు పట్టేస్తుంది.

వాదిస్తా_గానీ_కొట్టను
లెక్క ఒప్పుకుంటా, దాని అర్థం ఒప్పుకోను. పెళ్ళే 26కి. పుట్టినప్పుడు ఆయుష్షు అంచనా ముప్పై అయిదు చిల్లర. మనవడు నడిచేనాటికి తాత బతికుంటేగా మూడు తరాలు జాబితాలో కనపడటానికి? జాబితా అంటే ఒక రోజు తీసిన ఫొటో. ఆ రోజు ముసలాయన లేడు కాబట్టి ఇంట్లో పెట్టుకోలేదని ఎలా అంటారు? ఇంకోటి, జాబితాకి ఎక్కేది గడప ఉన్నవాడు. దారిలో తిరిగేవాడు ఏ ఇంటి లెక్కలోకీ రాడు.

కోల్చెస్టర్_కోడలు
> ఆయుష్షు అంచనా ముప్పై అయిదు చిల్లర
అది పసిపిల్లల చావులు కలిపిన సగటండీ. పాతికేళ్ళు దాటి బతికినవాడు యాభైలు, అరవైలు చూడటం అరుదేం కాదు. తండ్రి బతికుండగానే కొడుకు వేరే ఇల్లు పెట్టినట్టు వీలునామాల్లో కొల్లలుగా దొరుకుతుంది.
ఫొటో మాట మాత్రం న్యాయం. భర్త పోయిన తల్లి కొడుకు దగ్గర ఉండిపోవడం ఉండేది. కాకపోతే భర్త వీలునామాలో రాసిపెట్టేవాడు: పొయ్యి ఉన్న గది ఆమెది, బావి దాకా నడిచే దారి ఆమెది, ఏడాదికి ఇన్ని కట్టెలు కొడుకు ఇవ్వాలి అని.

చెంబు_చింతామణి
అంటే రాసివ్వకపోతే కోడలు పొయ్యి దగ్గరకి రానివ్వదని మామగారికి ముందే తెలుసన్నమాట. దేశమేదైనా మామగార్లు తెలివైనోళ్ళు.

పెన్షన్_సూరిబాబు
ముసలాళ్ళ ప్రశ్నకి ఇంకా ఎవరూ సూటిగా చెప్పలేదు. నాకు స్వార్థం ఉంది లెండి. ఒకడు డాలస్, అమ్మాయి సింగపూర్. కొడుకులు వేరైపోయిన ఊళ్ళో, పొలం పుట్రా లేని ముసలాడి గతేంటి?

పాతకాగితం
సూరిబాబు గారూ, దానికి జవాబు పన్ను. కొంచెం పెద్ద కథ, ఓపిక పట్టండి.
1520ల్లో ఇంగ్లండ్ జనాభా పాతిక లక్షల లోపు. 1650 నాటికి యాభై లక్షలు దాటింది. తిండి ధరలు 1500 నుంచి 1640ల దాకా అయిదారు రెట్లయ్యాయి. కూలి మాత్రం ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు. మధ్యలో 1536-40ల్లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించాడు, దాదాపు ఎనిమిది వందలు. గుమ్మంలో పెట్టే అన్నం కూడా వాటితోనే పోయింది. ఆ పైన 1594 నుంచి 1597 దాకా వరసగా నాలుగేళ్ళు పంటలు చెడ్డాయి.
అప్పుడు వచ్చినవే 1598, 1601 పేదల చట్టాలు. ప్రతి పారిష్‌లో, అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ళో, పేదల బాగోగులు చూసే ఓవర్‌సీర్లు. ఆస్తి ఉన్నవాడి మీద పన్ను. ఆ డబ్బుతో వితంతువుకి వారానికి ఇన్ని పెన్నీలు, అనాథని అప్రెంటిస్‌గా పెట్టడం, ముసలాడికి కట్టెలు, బూట్లు, పోతే శవపేటిక ఖర్చు. ఇష్టముంటే వేసే దానం కాదు, కట్టకపోతే జప్తు చేసే పన్ను. 1601లో ఇంత పద్ధతిగా దేశమంతటా పెట్టినవాళ్ళు యూరప్‌లో ఇంకొకరు లేరనే చెప్పాలి.
అందుకే నా ఉద్దేశంలో 4.75 అంకెనీ ఈ పన్నునీ విడదీసి చదవకూడదు. వేరు కాపురాల బరువు ఊరు మోసింది.

వాదిస్తా_గానీ_కొట్టను
మాస్టారు అసలు సంగతి దాటేశారు. అదే 1601 చట్టం తల్లిదండ్రులూ, తాతా బామ్మా, పిల్లలూ స్తోమత ఉంటే ఒకళ్ళనొకళ్ళు పోషించాలని కూడా చెప్తుంది. కుటుంబం బాధ్యత లేకపోతే ఆ వాక్యం ఎందుకు?

పాతకాగితం
దాటెయ్యలేదు, అక్కడికే వస్తున్నా. ఆ వాక్యం ఉంది నిజమే. ముసలి తల్లిని చూడమని కొడుకుల్ని పిలిపించిన కేసులూ ఉన్నాయి. కానీ ఆ కొడుకు కూడా పెళ్ళాం బిడ్డలతో ఈడుస్తున్న కూలివాడే. వాడి దగ్గర రాబట్టేదేముంది? కాగితం మీద కుటుంబం, చేతిలో పడేది ఊరి డబ్బు.

వాదిస్తా_గానీ_కొట్టను
ఊరి డబ్బు ఊరికే రాలేదు కూడా. 1662 చట్టం ప్రకారం ఏడాదికి పది పౌండ్ల లోపు అద్దె ఇంట్లో దిగిన కొత్తవాడిని, రేపు మన మీద పడతాడేమో అనిపిస్తే చాలు, నలభై రోజుల్లోపు ఫిర్యాదు చేసి వాడి సొంత పారిష్‌కి తోలెయ్యొచ్చు. కడుపుతో ఉన్న పెళ్ళికాని పిల్ల కనపడితే ఇంకా తొందర. బిడ్డ ఇక్కడ పుడితే ఖర్చు ఇక్కడిదే కదా. 1697 నుంచి సాయం తీసుకునేవాడు కుడి భుజం మీద పీ అక్షరం కుట్టుకు తిరగాలి, పక్కన ఊరి పేరు మొదటి అక్షరం. ఎర్ర గుడ్డో నీలి గుడ్డో. వెనక్కి వెళ్తే 1547లో పని లేకుండా తిరిగేవాడికి వాత పెట్టి రెండేళ్ళు బానిసగా ఇచ్చెయ్యమని చట్టం చేశారు. మరీ దారుణమని మూడేళ్ళకే తీసేశారనుకోండి.
మీరు దీన్ని పెన్షన్ అంటున్నారు. నేను కాపలా అంటా.

పెన్షన్_సూరిబాబు
ఏటా నవంబరులో బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇచ్చే నాకు ఈ రెండింటికీ తేడా ఏమీ కనపడట్లేదు.

మానేరు_ఒడ్డు
గీ చిన్న కుటుంబం పెద్ద కుటుంబం పంచాయితీల కంచెల ముచ్చట ఎవ్వరు తీస్తలేరు. పేదోడు ఎందుకు పేదోడైండు? ఊరుమ్మడి బీడు మీద ఒక ఆవును, నాలుగు బాతులను మేపుకునెటోడు, పొయ్యిలకు కట్టె తెచ్చుకునెటోడు. పెద్ద రైతు గొర్ల కోసం కంచె ఏసిండంటే అన్నీ బంద్. మా ఊళ్ళె చెరువు శిఖం కబ్జా అయినప్పుడు గొర్లకాపర్లు ఏమైన్రో నేను సూసిన, అందుకే చెప్తున్న.
1549ల నార్ఫోక్‌ల జనం కంచెలు పీకుకుంట రాబర్ట్ కెట్ అనెటాయన చేనుకాడికి వచ్చిండ్రు. ఆయనే ఉన్నోడు, తోళ్ళ పని, భూములు. తుపాకి తియ్యలె. వాళ్ళ మాట నిజమేనని ఒప్పుకుని తన కంచె తనే పీకిచ్చి వాళ్ళకే నాయకుడైండు. నారిచ్ బయట మౌస్‌హోల్డ్ గుట్ట మీద ఓక్ చెట్టు కింద కూసోని ఫిర్యాదులు ఇన్నడు. పదహారు వేల మంది జమైండ్రు అంటరు. డిసెంబరుల నారిచ్ కోట మీదికెంచి ఏలాడదీసి సంపిండ్రు.
1607ల మిడ్‌లాండ్స్ దిక్కు మల్ల గదే లొల్లి. నాయకుడు జాన్ రేనాల్డ్స్, కెప్టెన్ పౌచ్ అని పేరు, పౌచ్ అంటే సంచి. పక్కకు ఏలాడెటి తోలుసంచిల ఉన్నదానితోని మీకేం గాదు, భయపడకుండ్రి అన్నడు. న్యూటన్ ఊరికాడ నలభై మందికి పైన సచ్చిండ్రు. ఆయనను పట్టుకుని సంచి ఇప్పి సూస్తే పచ్చ జున్ను ముక్క ఉన్నది, గంతే.

లంకపొగాకు
ఈ జాతికి జున్ను మీద నమ్మకం ఎక్కువ. 1666లో లండన్ తగలబడుతుంటే శామ్యూల్ పెపీస్, అంత పెద్ద నేవీ అధికారి, తోటలో గొయ్యి తీయించి వైనూ పర్మేసన్ జున్నూ పాతిపెట్టాడు.

ఎమ్మే_ప్రైవేటు
మానేరు అన్నా, కంచెల వల్లే అంతా అంటే మాస్టారు చెప్పిన జనాభా పెరుగుదల ఏమైనట్టు?

మానేరు_ఒడ్డు
రెండూ కలిస్తెనే తమ్మీ. మంది పెరిగిండ్రు, బీడు తరిగింది. జనాభా ఒక్కటే చెప్తే తప్పు ఎవ్వనిదీ గాకుంట పోతది, అదీ నా బాధ.

పాతకాగితం
మానేరు గారితో ఏకీభవిస్తా, ఒక చిన్న సవరణతో. కంచె అన్నిచోట్లా బలవంతం కాదు, చాలాచోట్ల ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళంతా కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. భూమి లేనివాడిని ఆ కూర్చోవడానికే పిలవలేదు, అది వేరే సంగతి.

పెంకుటిల్లు
మీరంతా చట్టాల దగ్గరే తిరుగుతున్నారు. అప్పటి ముసలాళ్ళనే అడిగినాయన ఒకడున్నాడు. విలియం హారిసన్, ఎసెక్స్‌లోనే రాడ్‌వింటర్ పాదిరీ. మా చిన్నప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని ఊరి పెద్దలు చెప్పింది 1577లో అచ్చు వేశాడు.
పెద్దలు చెప్పిన మొదటి మార్పు పొగగొట్టాలు. వాళ్ళ కుర్రతనంలో దొరల ఇళ్ళూ మఠాలూ వదిలేస్తే ఊరికి రెండో మూడో, అవీ ఉంటే. మిగతా ఇళ్ళలో నడిమింట్లోనే మంట, అక్కడే వంట, అక్కడే తిండి. రెండోది పడక. గడ్డి పరుపు, గరుకు చాప, తల కింద గుండ్రటి కర్ర మొద్దు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఒక పరుపూ, తల కింద పెట్టుకోవడానికి ఊక నింపిన సంచీ కొనుక్కోగలిగితే ఆ ఊరి దొర అంత సుఖంగా పడుకున్నట్టు లెక్క. దిండు పురిటాలికి మాత్రమే. పనివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, పైన దుప్పటి ఉంటే గొప్ప, కింద గడ్డి గుచ్చుకోకుండా ఏదీ ఉండేది కాదు. మూడోది పళ్ళేలు. కొయ్య పళ్ళేలు పోయి తగరం పాలు ఎక్కువున్న ప్యూటర్ పళ్ళేలొచ్చాయి, కొయ్య గరిటెల బదులు వెండివో తగరానివో.
ఆ పెద్దలే చెడినవి కూడా మూడు చెప్పారు: పెరిగిన కౌళ్ళు, కౌలుదార్ల మీద దొరల పీడన, వడ్డీ. అంటే దిండూ అప్పూ ఒకే తరంలో ఇంట్లోకొచ్చాయి.
పొగ పోవడం మీద కూడా హారిసన్ గొణిగాడు. పొగ ఉన్నప్పుడు ఇంటి దూలాలు గట్టిపడేవి, మనుషులకి పడిశం పట్టేది కాదట. పొగగొట్టాలొచ్చాక అందరికీ జలుబులే అని ఏడుపు.

చెంబు_చింతామణి
మా పెద్దమ్మ గ్యాస్ పొయ్యి వచ్చినప్పుడు ఇదే అంది. కట్టెల పొయ్యి మీద వండిన పులుసు తింటే దగ్గే రాదని. ఆవిడ దగ్గుతూనే అంది.

కోల్చెస్టర్_కోడలు
పెంకుటిల్లు గారు చెప్పింది సామాన్ల జాబితాల్లో అచ్చంగా కనిపిస్తుంది. మనిషి పోయిన కొద్ది రోజులకే ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి గది గదికీ తిరిగి ప్రతి వస్తువుకీ వెల కట్టి రాసేవాళ్ళు. 1530ల నుంచి దాదాపు రెండొందల ఏళ్ళ పాటు ఇవి బోలెడు దొరుకుతాయి. చాలా జాబితాల్లో ఇంటి సామాన్లో ఖరీదైనది మంచమూ పరుపే. షేక్స్‌పియర్ 1616 వీలునామాలో రెండో మంచి మంచాన్ని భార్యకి రాశాడని నవ్వుతాం గానీ, మంచం అంటే అప్పుడు ఆస్తి.
ప్రభుత్వం కూడా కనిపెట్టింది లెండి. 1662లో పొయ్యికి రెండు షిల్లింగుల చొప్పున ఏటా పన్ను వేసింది. అధికారి ఇంట్లోకొచ్చి పొయ్యిలు లెక్కపెట్టేవాడు. జనానికి డబ్బు కంటే ఆ రావడమే ఎక్కువ మండింది. 1689లో తీసేశారు.

చెంబు_చింతామణి
ఇందాకటి నుంచి చూస్తున్నా, ఆ మంచం ఎవరిదో ఎవరూ చెప్పరే? పనిలో ఉండి పదేళ్ళు పిల్ల కూడబెట్టిన డబ్బుతో కొన్న మంచం పెళ్ళి రోజు నుంచి మొగుడిది. ఆడదానికి చట్టం ముందు వేరే ఉనికే లేదు, మొగుడి అనుమతి లేనిదే వీలునామా కూడా రాయలేదు. మళ్ళీ చేతికి ఏదైనా వచ్చేది వితంతువయ్యాకే. తండ్రి ఇచ్చే సొమ్ము పెళ్ళికి మామూలే, ఉన్నవాళ్ళలో దాని మీద బేరాలు నెలలు నెలలు. 26కి పెళ్ళి అంటే ఏదో స్వేచ్ఛ అనుకుని ఇక్కడ మగాళ్ళు మురిసిపోతున్నారు.

లంకపొగాకు
ఎవరు మురిసిపోయారండీ, నాకు 34.

కోల్చెస్టర్_కోడలు
చింతామణి గారు చెప్పింది చట్టం వరకు నిజం. బతుకులో మాత్రం నోరు మూసుకుని కూర్చోలేదు. ధాన్యం గొడవల్లో ముందు నిలిచేది ఆడవాళ్ళే. 1629లో ఇక్కడే మాల్డన్ రేవులో తిండిగింజలు ఓడలకెక్కించి బయటికి పంపుతుంటే ఆన్ కార్టర్ అనే కసాయి భార్య ఆడవాళ్ళని పోగేసి అడ్డం పడింది. తనని తాను కెప్టెన్ అని చెప్పుకుంది. రెండోసారి మరీ పెద్దదయ్యాక ఉరి తీశారు. లండన్ చర్చి కోర్టుల్లో పరువు దావాలు చూడండి, పొరుగామె వీధిలో నిలబడి తిట్టిందని వేసినవే ఎక్కువ, వేసింది ఆడవాళ్ళే.

నేతపేట_పెడన
పెపీస్ మాట వచ్చింది కాబట్టి దూరుతున్నా. ఆయనే 1663 సెప్టెంబరులో భార్య గది గోడలకి కట్టడానికి ఇండియా నుంచి వచ్చిన రంగులద్దిన కాలికో, అంటే నూలు గుడ్డ కొన్నాడు, డైరీలో ఉంది. మా వైపు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం చేరింది 1611లో. ముందు ఉన్నవాళ్ళ గోడలకి, పరదాలకి, ఆ తర్వాత ఆడవాళ్ళ గౌన్లకి, చివరికి పనిపిల్లల ఒంటి మీదికి. ఉతికినా రంగు పోని పత్తి గుడ్డ వాళ్ళ దగ్గర లేదు.
అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు ఊరుకుంటారా? 1700లో రంగు గుడ్డ దిగుమతి నిషేధం. తెల్ల గుడ్డ తెప్పించి లండన్‌లోనే అచ్చులు వేయడం మొదలెట్టారు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్ళు కాలికో కట్టిన ఆడదాన్ని వీధిలో పట్టుకుని గుడ్డలు చించారు, సిరా, యాసిడ్ చల్లారు. 1721లో కట్టుకోవడమే నేరమన్నారు.
మా ఇంట్లో మూడు తరాలు అచ్చు పనే. ఆ స్పిటల్‌ఫీల్డ్స్ వాడి మీద నాకు కోపం రాదు. మర మగ్గం గుడ్డ మీద కలంకారీ బొమ్మ స్క్రీన్ ప్రింట్ కొట్టి అమ్ముతున్న షాపు ముందు మా నాన్న నిలబడి చూడటం నాకు తెలుసు. ఆ ఆడవాళ్ళ గుడ్డలు చించడం మాత్రం క్షమించలేను. కొన్నవాడిని వదిలి కట్టినామెని పట్టుకోవడం ఏం మగతనం?

మానేరు_ఒడ్డు
మంచిగ చెప్పినవ్ అన్నా.

వాదిస్తా_గానీ_కొట్టను
నేతపేట గారి పోస్టుకి నా దగ్గర వాదన లేదు. రికార్డు అవుతుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మోడరేటర్
కట్నం గురించి ఇంకో రెండు పోస్టులు వచ్చాయి, తొలగించాను. ఒకటి సొంత బావమరిది గురించి. ఇంగ్లండ్ మీదే ఉండండి.

ఎమ్మే_ప్రైవేటు
చాలా థాంక్స్ అందరికీ. ఇంతకీ పరీక్షలో ఏం రాయమంటారు? దిద్దేది గైడు చదివినవాళ్ళే.

పాతకాగితం
గైడు వాక్యాన్ని మొదటి పేరాలో ఒక అభిప్రాయంగా పెట్టండి. రెండో పేరాలో లాస్లెట్ 4.75, 26 ఏళ్ళు, పనికి వెళ్ళే వయసు. మూడో పేరా పేదల చట్టం. నాలుగులో హారిసన్ పొగగొట్టాలు రాస్తే దిద్దేవాడు నిద్ర లేస్తాడు. నేనూ పాతికేళ్ళు దిద్దాను, తప్పు వాక్యం రాయలేదని మార్కు కొట్టేసేవాళ్ళు తక్కువ, అంకె కనపడితే టిక్కు పెట్టేవాళ్ళు ఎక్కువ.

బెంచ్_మీద_ఉన్నా
ఐటీ వాడిని, చరిత్ర రాదు. ఒకటే డౌటు. ఆ పాలేళ్ళు ఏడాది మధ్యలో నచ్చకపోతే మానెయ్యొచ్చా?

కోల్చెస్టర్_కోడలు
కుదరదు. 1563 చట్టం ప్రకారం ఏడాది నిండకుండా మానడానికి లేదు, నిండినాక వెళ్ళాలన్నా మూడు నెలల ముందు చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఊరి అధికారి ముద్ర వేసిన కాగితం చేతిలో ఉండాలి. అది లేకుండా ఇంకెవరూ పనిలో పెట్టుకోకూడదు, పెట్టుకుంటే వాళ్ళకీ జరిమానా. కాగితం లేకుండా దొరికినవాడిని దేశదిమ్మరి కింద కొట్టొచ్చు.

బెంచ్_మీద_ఉన్నా
మూడు నెలల నోటీసు, రిలీవింగ్ లెటర్, లేకపోతే ఇంకో కంపెనీ తీసుకోదు. 1563 అంటున్నారా!

లంకపొగాకు
జీతం కూడా జిల్లా మేజిస్ట్రేట్లే కూర్చుని నిర్ణయించేవాళ్ళు తమ్ముడూ. దానికి మించి ఇస్తే యజమానికి జైలు. హైక్ అడిగే పనే లేదు.

బెంచ్_మీద_ఉన్నా
మా హెచ్ఆర్‌కి ఈ థ్రెడ్ పంపకండి దయచేసి.